హెడ్‌ఫోన్ రెండు వేలదా, ముప్పై వేలదా? గోడ అవతల కల్యాణ మండపం, చెవిలో డిక్టేషన్

రాత్రి షిఫ్టు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నేను ఇంటి నుంచే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తాను. అమెరికాలో డాక్టర్లు పేషెంటును చూసి గబగబా రికార్డు చేసిన మాటలు విని టైపు చేయడం నా పని. వాళ్ల పగలు మనకు రాత్రి. తొమ్మిదిన్నరకు కూర్చుంటే మళ్లీ లేచేది తెల్లవారి ఐదున్నరకే. పదకొండేళ్లుగా ఇదే బతుకు. ఆ డాక్టర్లలో ఒకాయన చిప్స్ తింటూ చెబుతాడు, ఇంకొకాయన కారు నడుపుతూ చెబుతాడు. వాళ్లతో నాకు పేచీ లేదు, అలవాటైపోయింది. పేచీ అంతా మా వెనక గోడతో.

ఆ గోడ అవతల సందు, సందు అవతల కల్యాణ మండపం వంటశాల. ముహూర్తాల రోజుల్లో రాత్రి పదకొండు దాకా రిసెప్షన్ ఆర్కెస్ట్రా. తర్వాత పెద్ద పెద్ద వంట అండాలు కడిగే చప్పుడు. కరెంటు పోతే జనరేటరు. తెల్లవారుజామున మూడున్నరకు నాదస్వరం మొదలు. "గట్టిమేళం, గట్టిమేళం" అని ఎవరో అరవగానే నేను పాజ్ నొక్కేస్తాను. అక్కడ మూడు ముళ్లూ పడేదాకా ఇక్కడ పేషెంటు ఆగాల్సిందే.

నవ్వులాటకు చెప్పడం లేదు. డాక్టరు ఫిఫ్టీన్ మిల్లీగ్రాములు అన్నాడా, ఫిఫ్టీ అన్నాడా తేలకపోతే అక్కడ ఖాళీ వదిలి గుర్తు పెట్టి పై వాళ్లకు పంపాలి. ఖాళీలు ఎక్కువైతే నా మార్కులు తగ్గుతాయి, మార్కులు తగ్గితే ఆ నెల డబ్బులు తగ్గుతాయి. ఊహించి రాసేస్తే ఇంకా పాపం.

ఇప్పటిదాకా నా హెడ్‌ఫోన్ల చరిత్ర ఇది. మొదట్లో ఆఫీసు వాళ్లు వైరుది ఇచ్చారు. కుర్చీ చక్రం కింద పడి వైరు తెగింది. ఇంకోటి కొన్నాను, అదీ అదే చక్రానికి బలి. అప్పుడు వైర్‌లెస్‌కి మారాను. పన్నెండు వందలది తీసుకుంటే ఎనిమిది నెలలకు మడత దగ్గర విరిగింది. పద్దెనిమిది వందలది చార్జింగ్ పిన్ను వదులై పోయింది. ఇప్పుడున్నది కూడా పద్దెనిమిది వందలదే. చెవి మీద దిండ్లు పొరలు పొరలుగా రాలుతున్నాయి. పొద్దున్నే చెంపల మీద నల్లటి పెచ్చులు చూసి మా పాప "అమ్మా, కాటుక చెదిరిందా?" అని అడిగింది. కంపెనీల పేర్లు చెప్పను, తగువులెందుకు. ఇంకో సంగతి, ఈ మూడో వైర్‌లెస్ దాంట్లో మాట బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. చవకది కదా, ఇంతే కాబోలు అనుకుంటూ వచ్చాను.

మొన్న షాపులో సోనీ ఎక్స్ఎం5 అని, బయటి చప్పుడు తగ్గించే (నాయిస్ క్యాన్సిలేషన్) వైర్‌లెస్ హెడ్‌ఫోన్ పెట్టుకుని చూశాను. ఎమ్మార్పీ 34,990, ఆఫర్లో ముప్పై లోపు వస్తుందట. పెట్టుకోగానే షాపులో ఏసీ మోత మాయమైంది. నిజం చెప్పొద్దూ, అక్కడే కూర్చుని పని చేసుకోవాలనిపించింది.

ఇంట్లో చెబితే మా ఆయన "నీ సంపాదన, నీ ఇష్టం" అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో పెళ్లైన వాళ్లకు చెప్పక్కర్లేదు. మా మామయ్యకు పూతలపట్టు దగ్గర పల్లెలో నాలుగు ఆవులున్నాయి. ఫోన్లో విని "చెవికి పెట్టుకునేదానికి ముప్పై వేలా? ఆ దుడ్డుకు మంచి పెయ్య వస్తుంది కదమ్మీ!" అన్నారు. అప్పటి నుంచీ నా కళ్లకు హెడ్‌ఫోన్ ఎక్కడ కనబడినా పెయ్యే కనబడుతోంది.

సలహా ఇచ్చేవాళ్లు ఇవి కూడా గుర్తుంచుకోండి. నాకు కళ్లజోడుంది. చెవులకు కమ్మలున్నాయి, అవి తీయను. మే నెలలో మా గది ఎలా ఉంటుందో తిరుపతి వాళ్లకు తెలుసు. పదిహేను రోజులకోసారి చిత్తూరులో మా అమ్మగారింటికి బస్సులో వెళ్తాను. రెండు వేలది మళ్లీ మళ్లీ కొనడమా, ఒకేసారి ముప్పై వేలు పెట్టడమా?

చిత్తూరు ఎనిమిదింటి బస్సు

మేడమ్, మీ మామగారి లెక్క బాగుంది. మా ఇంట్లో నాన్న బంగారంతో పోల్చాడు.

2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయినప్పుడు నా ఆఫీసు చిత్తూరులో ఉండిపోయింది, ఇల్లేమో తిరుపతిలో. పోనూ రానూ కలిపి రోజుకు దాదాపు నూట నలభై కిలోమీటర్లు బస్సులో. మూడేళ్ల కింద ఆఫర్లో మీరు చూసినదానికి ముందు మోడల్, ఎక్స్ఎం4 కొన్నాను. నాకు పెట్టిన ప్రతి రూపాయీ గిట్టింది. మీకు గిట్టుతుందా అంటే మాత్రం వెంటనే అవునని చెప్పలేను. ఎందుకంటే నేను పారిపోయేది ఇంజను మోత నుంచి, మీరు పారిపోయేది మేళం నుంచి.

నాయిస్ క్యాన్సిలేషన్ అంటే మంత్రం కాదు. హెడ్‌ఫోన్ పైనున్న మైకు బయటి చప్పుడును పట్టుకుంటుంది. లోపలున్న చిప్పు దానికి సరిగ్గా ఎదురు అలను తయారుచేసి స్పీకరులో వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఎడతెగకుండా ఒకే తీరుగా వచ్చే లోగొంతు మోత అయితే ఈ పని చక్కగా జరుగుతుంది. బస్సు ఇంజను, ఏసీ, ఫ్యాను, విమానం అలాంటివి. ఉన్నట్టుండి వచ్చేవీ, కీచుగా ఉండేవీ అయితే ఆ ఎదురు అల సరిగ్గా కుదరదు. హారను, చంటిపిల్ల ఏడుపు, గిన్నె కింద పడ్డ చప్పుడు ఆ రకం. వాటిని ఆపాల్సింది చెవి చుట్టూ ఉన్న మెత్తటి దిండు. అది గోడ చేసే పని, చిప్పు చేసేది కాదు.

నేను బటన్ నొక్కగానే డ్రైవరు ఇంజను ఆపేశాడేమో అన్నంత నిశ్శబ్దం. ఆ వెంటనే నాలుగు సీట్ల అవతల చిల్లర కోసం కండక్టరుతో జరుగుతున్న గొడవ ఇంకా స్పష్టంగా వినబడుతుంది! మోత తీసేస్తే దాని కింద దాగినవి బయటపడతాయి. మీ జనరేటరు తప్పకుండా మాయమవుతుంది. నాదస్వరం కాదు. ఆరుబయట ఊరంతా వినబడాలని పుట్టిన వాద్యం అది, మైకు కూడా అడగదు. ముప్పై వేల చిప్పుకు లొంగుతుందా?

ఎవరిదైనా అడిగి ఒక పెళ్లి రాత్రి పెట్టుకుని చూడండి. షాపులో ఏసీ మోత పోయిందని కొనొద్దు. షాపులో అందరూ పడిపోయేది అక్కడే.

ఇంకొక్క మాట. చంద్రగిరిలో టీ కోసం దిగి, ఇది పెట్టుకునే నిలబడ్డాను. కండక్టరు మూడుసార్లు పిలిచాడట. బస్సు వెళ్లిపోయింది, అందులో నా టిఫిన్ క్యారియర్ కూడా.

హాస్టల్ గది 14

అక్కా, రెండు వేలదే తీసుకో. నేను ఎస్వీయూలో ఎంఎస్సీ. రెండేళ్లలో ఇది మూడోది. అయినా మొత్తం ఐదు వేలు దాటలేదు. ముప్పై వేలది హాస్టల్లో పెడితే దానికి కాపలా కాయడానికి ఇంకో మనిషి కావాలి. సోనీలోనే సీహెచ్520 అని నాలుగైదు వేల మధ్య వస్తుంది. ఒక్కసారి చార్జ్ పెడితే 50 గంటలు అంటారు. మా రూమ్మేట్ వారానికోసారే చార్జింగ్ పెడతాడు. నాయిస్ క్యాన్సిలేషన్ లేదు కానీ పాటలకు సూపర్.

రాత్రి షిఫ్టు

తమ్ముడూ, అది షాపులో చూశాను. చాలా తేలిక, చేతిలో ఉన్నట్టే లేదు. కానీ అది చెవి చుట్టూ కాదు, చెవి మీద కూర్చునే రకం. పావుగంటకే కమ్మ చెవి వెనక గుచ్చుకుంది, పైనుంచి కళ్లజోడు కాడ. ఎనిమిది గంటలు నా వల్ల కాదు. వైరు పెట్టుకునే రంధ్రం కూడా దానికి లేదు.

బస్సు సార్, మీ క్యారియర్ దొరికిందా? మీరు చెప్పినట్టే చేస్తాను. మా ఆడపడుచు కొడుకు బెంగళూరు నుంచి సెలవులకు వస్తున్నాడు, వాడి దగ్గర ఎక్స్ఎం5 ఉంది. ఈ నెల ముహూర్తాలకు లోటు లేదు.

సోల్డరింగ్ గన్

అమ్మా, గాంధీ రోడ్డు వైపు నాది చిన్న రిపేరు కొట్టు. కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. నా బల్ల మీదికి ఏ రోగాలతో వస్తాయో చెబుతాను, మీరు డాక్టర్ల దగ్గర పనిచేసే మనిషి కాబట్టి అర్థమవుతుంది.

మొదటి రోగం మడత. చాలా హెడ్‌ఫోన్లలో ఒక చెవి నుంచి రెండో చెవికి సన్నటి వైర్లు తలపట్టీ లోంచి పోతాయి. మడిచినప్పుడల్లా ఆ కీలు దగ్గర నలుగుతాయి. చవకవాటిలో కీలు ఉత్త ప్లాస్టిక్. మీది ఎనిమిది నెలలు ఆగిందంటే మీరు జాగ్రత్త మనిషే. ఒక చెవి పలకడం లేదని తెచ్చేవాటిలో చాలా వరకు ఇదే. వైరు అతికించడం నాకు పది నిమిషాల పని, కానీ అతికించిన సీల్ విప్పి మళ్లీ మూసేసరికి అందం పోతుంది.

రెండోది దిండ్లు. పెచ్చులు రాలేది తోలు కాదమ్మా, గుడ్డ మీద పూసిన రెగ్జిన్ లాంటి పూత. చెమట, తలనూనె, ఎండ మూడూ కలిస్తే ఊడిపోతుంది. మన ఊళ్లో ఈ మూడింటికీ కరువా? ఖరీదైనదానికీ ఈ రోగం తప్పదు. తేడా ఎక్కడంటే, పెద్ద మోడళ్లకు దిండు క్లిప్పుతో ఊడి వస్తుంది, బయట జత దొరుకుతుంది, మీరే మార్చుకోవచ్చు. చిన్న రకాలకు చాలావాటిలో జిగురుతో అంటిస్తారు, ఆ సైజు దిండు వెతికితే దొరకదు. కొనే ముందు "దీని దిండ్లు విడిగా దొరుకుతాయా?" అని ఒక్క ప్రశ్న అడగండి. షాపువాడు మొహం తిప్పుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

మూడోది బ్యాటరీ. లిథియం బ్యాటరీ మూడు నాలుగు వందలసార్లు నిండుగా చార్జ్ అయ్యేసరికి నీరసపడటం మొదలవుతుంది. మీకు రోజుకు ఎనిమిది గంటల వాడకం. పదిహేను గంటలు వచ్చేదైతే రెండు రోజులకోసారి చార్జింగ్, ఏడాదికి దగ్గర దగ్గర నూట ఎనభై సార్లు. ముప్పై గంటలు వచ్చేదైతే ఏడాదికి వంద లోపే. అందుకే ఒకటి రెండేళ్లకే డీలా పడుతుంది, ఇంకొకటి నాలుగేళ్లు లాగుతుంది. డబ్బులెక్కువ పెట్టి కొన్నదానికి ఆయుష్షు ఎక్కువ అనేవాళ్లు ఇది కూడా చెప్పాలి, చెప్పరు. గంటలు ఎక్కువున్న చవకది కూడా అంతే లాగుతుంది.

చార్జింగ్ పిన్ను వదులవడం మాత్రం సగం మన చేతి మోటుతనమే. మంచం మీద చార్జింగ్ పెట్టి వైరు పట్టి లాగేస్తాం. పాత సన్న పిన్ను కన్నా టైప్-సీ నయం.

డూప్లికేట్ల గురించి ఒక మాట. ముప్పై వేల సరుకు మూడు వేలకు ఇస్తామంటే అది ఆ సరుకు కాదు. పైన పేరు, పెట్టె, బుక్కు అన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటాయి. విప్పితే లోపల ఎదురు అల పుట్టించే మైకులే ఉండవు, బటన్ నొక్కితే లైటు మాత్రం వెలుగుతుంది. నెలకు ఒకటైనా ఇలాంటిది తెచ్చి "నాయిస్ క్యాన్సిల్ పనిచేయడం లేదు, చూడు" అంటారు. ఏం చూడను?

ఎండాకాలానికి చిట్కా: పాత నూలు పంచె గుడ్డతో దిండుకు తొడుగు కుట్టుకోండి. చెమట పీల్చుకుంటుంది, ఉతుక్కోవచ్చు. పెట్టెలో పెట్టేముందు గాలికి ఆరనివ్వండి.

శ్రుతిపెట్టె

అమ్మా, నేను హరికథలు, కీర్తనల కచేరీలు రికార్డు చేస్తుంటాను. చెవులే నాకు అన్నం పెట్టేది. పైన అందరూ మండపం గురించి రాశారు. నాకు మీ పోస్టులో ఒక్క వాక్యం దగ్గర అనుమానం వచ్చింది: "మాట బావిలోంచి వస్తున్నట్టు".

మీరు పని చేసేటప్పుడు ల్యాప్‌టాప్‌లో ఆఫీసు చాట్ గానీ కాల్ గానీ తెరిచి ఉంటుందా? ఉంటే తప్పు హెడ్‌ఫోన్‌ది కాకపోవచ్చు.

బ్లూటూత్‌లో రెండు దారులున్నాయి. ఒకటి వినడానికి మాత్రమే, అది స్టీరియో, మంచి నాణ్యత. రెండోది ఫోన్ మాట్లాడటానికి, వినడమూ మైకూ రెండూ ఉన్నది. ఏ సాఫ్ట్‌వేరైనా హెడ్‌ఫోన్ మైకును తెరిచిందంటే అంతా రెండో దారికి మారిపోతుంది. అది మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని. పాత పద్ధతిలో అయితే ధ్వనిని సెకనుకు 8,000 సార్లే కొలుస్తుంది (శాంపిళ్లు అంటారు), అందులో సగం, అంటే నాలుగు వేల హెర్ట్జ్ పైనున్న సన్నటి ధ్వని అసలు చేరదు. కొత్త పద్ధతిలో 16,000. ఎఫ్, ఎస్ లాంటి అక్షరాల బలం చాలా వరకు ఆ నాలుగు వేల పైనే ఉంటుంది. అది కోసేస్తే మాట బావిలో పడకేం చేస్తుంది? ఎక్స్ఎం5 పెట్టినా ఈ దారిలో ఇదే గతి. మైకు కావాలంటే ల్యాప్‌టాప్ మైకును ఎంచుకోండి, హెడ్‌ఫోన్‌ను వినడానికే వదలండి. పాత విండోస్‌లో ఒకే హెడ్‌ఫోన్ రెండు పేర్లతో కనబడుతుంది, ఒకటి స్టీరియో, ఒకటి హ్యాండ్స్-ఫ్రీ. స్టీరియో ఉన్నది నొక్కండి. పైసా ఖర్చు లేదు, ఈ రాత్రే చేసి చూడండి.

ఇక కోడెక్ అని షాపుల్లో ఊదరగొడతారు, అంటే బ్లూటూత్‌లో పంపడానికి ధ్వనిని కుదించే పద్ధతి. ఎస్‌బీసీ అన్ని బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో తప్పనిసరి. ఏఏసీ చాలావాటిలో ఉంది. ఎల్‌డ్యాక్ సోనీ వాళ్లది, సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపుతుంది. ఐఫోన్ అయితే ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప ఇంకేదీ పంపదు, కాబట్టి అక్కడ ఎల్‌డ్యాక్ కోసం డబ్బు పెట్టడం దండగ. మీకైతే అసలు సంబంధం లేదు. కారులో కూర్చుని డాక్టరు ఫోన్లో చెప్పిన మాటకు 990 ఎందుకు, గంజికి వెండి గిన్నె!

మీ పనికి ఇంకో రెండు చిక్కులున్నాయి. బ్లూటూత్‌లో ధ్వని కాస్త ఆలస్యంగా వస్తుంది. పాటకు తెలియదు, కానీ మీరు కాలి కింద పెడల్ తొక్కి రికార్డింగు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినే మనిషి. రెండోది, కాసేపు నిశ్శబ్దం ఉంటే కొన్ని హెడ్‌ఫోన్లు కునుకు తీస్తాయి. మళ్లీ ప్లే చేసినప్పుడు మొదటి అక్షరం మింగేస్తాయి. "హైపర్" లో "హై" మింగితే ఏం మిగిలింది? అందుకే ఈ పని చేసేవాళ్లకు నేను వైరుదే చెబుతాను. చెవి చుట్టూ పూర్తిగా మూసుకునే, వెనక తెరిచి లేని రకం రెండు మూడు వేలలో మంచివి ఉన్నాయి. కుర్చీ చక్రం సంగతంటారా, వైరును మెడ వెనక నుంచి తెచ్చి బల్ల పక్కన కొక్కేనికి తగిలించండి.

కళ్లజోడు కాడ దిండును ఎత్తుతుంది, ఆ సందులోంచి మేళం దూరుతుంది. సన్న కాడ ఉన్న జోడు పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం సౌండు. మేళాన్ని గెలవాలని మీరు వాల్యూమ్ పెంచుతున్నారు, అవునా? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు హద్దు అంటుంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ గంటలు సగమవుతాయి. 83 అయితే ఇరవై గంటలు, 86 అయితే పదే. మీ షిఫ్టు ఒక్కటే వారానికి నలభై గంటలు. నాయిస్ క్యాన్సిలేషన్‌లో నాకు నచ్చేది పాట కాదు, వాల్యూమ్ తగ్గించుకోవచ్చు అన్నదే. మా ఫీల్డులో చెవులు పోగొట్టుకున్న పెద్దవాళ్లను చూశాను కాబట్టి కొంచెం గట్టిగా చెబుతున్నాను, ఏమనుకోకండి.

చిత్తూరు ఎనిమిదింటి బస్సు

శ్రుతిపెట్టె గారూ, ఆ రెండు దారుల సంగతి నాకు మూడేళ్లుగా తెలియదు. ఆఫీసు మీటింగుల్లో ఈ ఖరీదు హెడ్‌ఫోన్ ఎందుకిలా ఏడుస్తుందా అనుకునేవాణ్ణి. క్యారియర్ దొరికింది మేడమ్, చిత్తూరు డిపోలో. పెరుగన్నం మాత్రం కండక్టరు న్యాయంగానే తిన్నాడు.

రాత్రి షిఫ్టు

నాలుగు వారాలైంది, జరిగింది చెప్పాలి కదా.

మొదట శ్రుతిపెట్టె గారికి దండం. ఆ రాత్రే చూశాను. మా టీమ్ చాట్ మూలన తెరిచే ఉంటుంది, ఎవరూ మాట్లాడకపోయినా హెడ్‌ఫోన్ మైకును పట్టుక్కూర్చుంది. మైకును ల్యాప్‌టాప్‌కు మార్చాను. క్షణం ఆగి టక్‌మని ఒక చప్పుడు, ఆ తర్వాత డాక్టరు నా గదిలోకి వచ్చి కూర్చున్నట్టు మాట. అదే పద్దెనిమిది వందల హెడ్‌ఫోన్! పెచ్చులు రాలే ఆ హెడ్‌ఫోన్‌ను ఏడాదిగా తిట్టాను. ఫిఫ్టీ, ఫిఫ్టీన్ మీద ఆ వారంలో వదిలిన ఖాళీలు మూడు. అంతకుముందు రోజుకే మూడు ఉండేవి.

తర్వాత మా మేనల్లుడు వచ్చాడు. "అత్తా, వారం ఉంచుకో" అని ఎక్స్ఎం5 ఇచ్చాడు. రెండు పెళ్లిళ్లు, ఒక రిసెప్షన్ దాంతో గడిపాను. చెవి చుట్టూ మెత్తగా కూర్చుంది, కమ్మలు ఒత్తలేదు, 250 గ్రాములే. తెల్లవారేసరికి చెవులు మాత్రం ఉడికాయి. జనరేటరు ఆన్ చేసిన సంగతే తెలియలేదు, లైట్లు వచ్చాయి కాబట్టి తెలిసింది. ఫ్యాను చప్పుడూ లేదు. వాల్యూమ్ సగానికి తగ్గించి పని చేశాను.

మూడున్నరకు నాదస్వరం మొదలైంది. బస్సు సార్, మీరు చెప్పింది అక్షరాలా నిజం. కొంచెం దూరం జరిగింది, అంతే. పైగా జనరేటరు మోత అడ్డు తొలగిపోయేసరికి ఆయన ఏం వాయిస్తున్నాడో మొదటిసారి స్పష్టంగా వినబడింది. పదకొండేళ్లుగా గోడ అవతల ఇంత బాగా వాయిస్తున్నారని నాకు తెలియదు. పని ఆపి రెండు నిమిషాలు విన్నాను. గట్టిమేళానికి మామూలుగానే పాజ్.

ఆ లెక్కన ముప్పై వేలు పెట్టినా పాజ్ నొక్కక తప్పదు. పనికి చెవి చుట్టూ మూసుకునే వైరుది 2,400 పెట్టి కొన్నాను. వైరు కొక్కేనికి వేలాడుతోంది, కుర్చీ చక్రానికి అందదు. సోల్డరింగ్ అన్న చెప్పిన ప్రశ్న షాపులో అడిగాను. కుర్రాడు నిజంగానే మొహం తిప్పుకున్నాడు. రెండో షాపులో దిండ్ల జత తీసి బల్ల మీద పెట్టాడు, అక్కడే కొన్నాను. మా అత్తగారి పాత నూలు చీరతో తొడుగు కుట్టాను. పంచె ఇవ్వనన్నారు మా ఆయన.

బస్సుకు సోనీ సీహెచ్720ఎన్ చూసి పెట్టాను, నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది, 192 గ్రాములు, వైరు రంధ్రం కూడా ఉంది, పదివేల లోపు రావచ్చు. కానీ తొందర లేదు. ఆషాఢం వచ్చేసింది, మండపానికి తాళం. రాత్రిళ్లు కుక్కలు తప్ప ఇంకేమీ లేవు. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాక, ఆ ఆఫర్లు చూసి తేలుస్తాను.

ఇది చెప్పకుండా ముగించలేను. మేనల్లుడు వెళ్లేముందు తాతను చూడటానికి పల్లెకు వెళ్లాడు, నేనూ వెళ్లాను. మామయ్య గడ్డి కోసే మిషను దగ్గర ఉన్నారు, మోటారు హోరున తిరుగుతోంది. వీడు వెనక నుంచి వెళ్లి ఆయన చెవులకు ఎక్స్ఎం5 తగిలించి బటన్ నొక్కాడు. మామయ్య చేతిలో గడ్డి మోపు అలాగే పట్టుకుని వెనక్కి తిరిగి స్తంభం వైపు చూశారు.

"కరెంటు పోయిందా?" అన్నారు.

మోటారు తిరుగుతూనే ఉంది. దాన్ని చూశారు, మమ్మల్ని చూశారు. ఒక చెవి మీద నుంచి పక్కకు జరిపి విన్నారు, మళ్లీ పెట్టుకున్నారు. అలా నాలుగైదుసార్లు. చివరికి తీసి మేనల్లుడి చేతిలో పెడుతూ నా వైపు తిరిగి, "ఇది ఎంతన్నావమ్మీ?" అని అడిగారు.

చెప్పాను. ఆవుల కొట్టం వైపు ఒకసారి చూసి, మళ్లీ గడ్డి మోపు ఎత్తుకున్నారు.